వ్యాపారి రాసిన వ్యాసంలో ఏ తప్పు ఖరీదైనది?

విశాఖపట్నంలో చిన్న, మధ్యతరహా వ్యాపారులు తమ పని గురించి తామే రాసుకోవడం ఇప్పుడు మామూలు సంగతి. అరకు కాఫీ గింజలు వేయించి అమ్మేవారు, ఏటికొప్పాక లక్క బొమ్మలకు ఆర్డర్లు తీసుకునేవారు, మాడుగుల హల్వాను పొరుగు రాష్ట్రాలకు పంపేవారు, ఆటోనగర్‌లో యంత్రాల విడిభాగాలు తయారు చేసేవారు, రుషికొండ, మధురవాడ వైపు సాఫ్ట్‌వేర్ సంస్థలు పెట్టినవారు ఉన్నారు. వీరందరికీ ప్రకటనల ఏజెన్సీని పెట్టుకునే స్తోమత ఉండదు. స్తోమత ఉన్నవారిలోనూ చాలామంది, సరుకు సంగతి తమకు తెలిసినంతగా ఏజెన్సీవాళ్లకు తెలియదన్న సబబైన కారణంతో, రాత్రి షట్టరు దించాక ఫోన్‌లోనే ఒక వ్యాసం టైపు చేసి అప్పటికప్పుడే జనంలోకి వదిలేస్తున్నారు. పత్రికల్లో అయితే విలేకరి రాసినదాన్ని సబ్‌ఎడిటర్ తిరగరాస్తాడు, ఆ తర్వాత ఇంకొకరు ప్రూఫులు చూస్తారు. ఇక్కడ ఆ పనులన్నీ ఒక్కరివే, అదీ రోజంతా కౌంటర్ దగ్గర నిలబడి అలిసిపోయిన మనిషివి.

ఇలాంటి రాతలకు దొరికే సలహాలు సాధారణంగా అక్షరదోషాల చుట్టూనే తిరుగుతాయి. అక్షరదోషం చూసి పాఠకుడు నవ్వుకుంటాడు, రాసినవారిని కాస్త చులకనగా చూస్తాడు, అంతకు మించి జరిగేది తక్కువ. ధరలో ఒక సున్నా జారిపోయినా, ఊరు ఒక జిల్లాలో ఉంటే మరో జిల్లా పేరు రాసినా, ఫలానా జబ్బు తగ్గుతుందని ఒక మాట అదనంగా పడినా జరిగే నష్టం వేరు. దిద్దుబాటుకు దొరికే కొద్దిపాటి సమయాన్ని ఎక్కడ ఖర్చు పెట్టాలన్నదే ఇక్కడ తేల్చుకోవలసిన విషయం.

కాఫీ గింజలు వేయించి అమ్మే ఒక చిన్న సంస్థ ఇలా రాసిందనుకుందాం: “మా సంస్థ హుద్హుద్ తుఫాను తర్వాత 2013లో స్థాపించబడినది. విశాఖ జిల్లా అరకులో 3,000 మీటర్ల ఎత్తున గిరిజన రైతులు పండు కోసి, మా యూనిట్‌లో వేయించి, రెండు రోజుల్లో మీ ఇంటికి చేరుతుంది. నూటికి నూరు శాతం స్వచ్చమైన ఈ కాఫీ తాగితే షుగర్ తగ్గుతుంది. 250 గ్రాముల ప్యాకెట్ ధర రూ.3,50 మాత్రమే. ఆదివారం వరకు ప్రత్యేక తగ్గింపు.”

ఈ ఐదు వాక్యాలనూ పైపైన చదివితే ఇబ్బంది ఏమీ కనిపించదు. అక్షరదోషాలు వెతికేవారికి ‘స్వచ్చమైన’ ఒక్కటే దొరుకుతుంది. అక్కడ చకారం కింద ఛకారపు వత్తు ఉండాలి, అది ‘స్వచ్ఛమైన’. మిగిలిన తప్పులు దానికంటే పెద్దవి. హుద్‌హుద్ విశాఖ తీరాన్ని తాకింది 2014 అక్టోబరు 12న. ఆ రోజును నగరంలో ఎవరూ మరిచిపోలేదు కాబట్టి, తుఫాను తర్వాత 2013లో సంస్థ పెట్టామన్న మాట చదివిన స్థానికుడు అక్కడే ఆగిపోతాడు. అరకు ఇప్పుడు విశాఖపట్నం జిల్లాలో లేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన అమల్లోకి వచ్చాక అది పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. ఏటికొప్పాక, మాడుగుల అనకాపల్లి జిల్లాకు వెళ్లాయి. ఇక 3,000 మీటర్ల ఎత్తు సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 1,700 మీటర్లకు మించిన శిఖరమే లేదు. రాసినవారి మనసులో ఉన్నది 3,000 అడుగులు, అంటే 900 మీటర్ల పైచిలుకు. చేతికి వచ్చింది మీటర్లు. ఏ స్పెల్‌చెకర్ కూడా దీన్ని పట్టుకోదు, ఎందుకంటే ‘మీటర్లు’ అన్న మాటలో అక్షరదోషం లేదు.

రెండో వాక్యంలోని ఇబ్బంది తెలుగుకే ప్రత్యేకమైనది. ‘కోసి’, ‘వేయించి’ వంటి అసమాపక క్రియలను వరుసగా పేర్చినప్పుడు వాటన్నిటికీ, చివరి సమాపక క్రియకూ కర్త ఒక్కరే కావాలి. ఇక్కడ కోసింది రైతులు, వేయించింది సంస్థ, చేరేది ప్యాకెట్. నోటితో చెప్పేటప్పుడు గొంతు, చెయ్యి సాయం చేస్తాయి కాబట్టి ఇటువంటి వాక్యం చెల్లిపోతుంది. కాగితం మీద మాత్రం రైతులే మీ ఇంటికి వచ్చి చేరుతున్నట్టు అర్థమవుతుంది. వ్యాపారులు రాసే తెలుగులో తరచుగా కనిపించే వాక్యదోషం ఇది. దీనికి మందు కూడా సులువైనదే. కర్త మారిన ప్రతిచోటా వాక్యాన్ని ముగించి కొత్తది మొదలుపెడితే చాలు.

దిద్దిన తర్వాత అదే పేరా ఇలా ఉండవచ్చు: “2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లిన మరుసటి ఏడాది మేము ఈ పని మొదలుపెట్టాం. అల్లూరి సీతారామరాజు జిల్లా అరకు లోయలో సుమారు 3,000 అడుగుల ఎత్తున గిరిజన రైతులు ఎర్రగా పండిన కాఫీ పండును చేతితో ఏరి కోస్తారు. వారి దగ్గర కొన్న గింజలను విశాఖపట్నంలోని మా యూనిట్‌లో వేయిస్తాం. నగరంలో ఉన్నవారికి ఆర్డరు ఇచ్చిన రెండు రోజుల్లో ప్యాకెట్ అందుతుంది. 250 గ్రాముల ప్యాకెట్ ధర, పన్నులన్నీ కలిపి, రూ.350.” స్వచ్ఛత మాట, షుగర్ మాట పోయాయి. వాటి స్థానంలో చేతితో ఏరి కోయడం అనే ఒక వివరం వచ్చింది. కొనేవారికి నమ్మకం కలిగించేది విశేషణం కంటే ఈ వివరమే. తగ్గింపు నిజంగా ఉంటే దాన్ని తేదీతో చెప్పాలి. ‘ఆదివారం వరకు’ అన్న మాటను మూడు నెలల తర్వాత చదివినవారికి అది ఏ ఆదివారమో తెలియదు.

షుగర్ తగ్గుతుందన్న వాక్యాన్ని తీసేయడానికి శైలి ఒక్కటే కారణం కాదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకటనకు ఇచ్చిన నిర్వచనం చాలా విశాలమైనది. వెలుతురు, శబ్దం, పొగ, వాయువు, ముద్రణ, ఎలక్ట్రానిక్ మాధ్యమం, ఇంటర్నెట్, వెబ్‌సైట్, ఇలా వేటి ద్వారా చేసిన ప్రచారమైనా ప్రకటనే. లేబుల్, ప్యాకెట్ మీది రేపరు, చివరికి ఇన్‌వాయిస్ కూడా ఆ నిర్వచనంలోకి వస్తాయి. ‘నేను ప్రకటన ఇవ్వలేదు, నా అనుభవం రాసుకున్నాను’ అన్న వాదన సొంత సరుకు విషయంలో నిలవడం కష్టం. తప్పుదోవ పట్టించే ప్రకటనకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ రూ.10 లక్షల వరకు, మళ్లీ అదే పని చేస్తే రూ.50 లక్షల వరకు జరిమానా వేయవచ్చు. జబ్బులు నయమవుతాయని చెప్పే ప్రకటనల మీద 1954 నాటి ఔషధాలు, మాంత్రిక చికిత్సల చట్టం ఒకటి విడిగా ఉంది. ఏ జబ్బుల పేరుతో ప్రకటనలు ఇవ్వకూడదో చెప్పే దాని పట్టికలో మధుమేహం కూడా ఉంది. ఆహార పదార్థాల విషయంలో ‘సహజమైన’, ‘తాజా’, ‘సంప్రదాయ’ వంటి మాటలను ఎప్పుడు వాడవచ్చో, ఎప్పుడు వాడకూడదో దేశంలో ఆహార భద్రత, ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లో నిబంధనలు పెట్టింది. ‘100 శాతం’ అన్న మాటను లేబుళ్ల మీద, ప్రచారంలో వాడవద్దని అదే సంస్థ 2025 మే నెలలో సూచించింది. రాసింది చదివేటప్పుడు ప్రతి విశేషణం దగ్గరా ఆగి, దీన్ని రుజువు చేయమంటే ఏ కాగితం చూపించగలమని అడిగి చూసుకుంటే సగం విశేషణాలు వాటంతట అవే రాలిపోతాయి. రాలిపోవడమే మంచిది కూడా.

భౌగోళిక గుర్తింపు (జీఐ) పొందిన పేర్లతోనూ జాగ్రత్త కావాలి. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో, అరకు లోయ అరబికా కాఫీకి 2019లో ఆ గుర్తింపు వచ్చింది. గుర్తింపు ఆ ప్రాంతపు ఉత్పత్తికి వచ్చింది, ఏ ఒక్క దుకాణానికీ కాదు. ‘మా కాఫీకి జీఐ గుర్తింపు లభించింది’ అని ఒక అమ్మకందారు రాయడం, ఉద్దేశం మంచిదే అయినా, అసత్యమే అవుతుంది.

అంకెలను దిద్దే పద్ధతి అక్షరాలను దిద్దే పద్ధతి కాదు. అక్షరాల్లో తప్పు ఉంటే చదివేటప్పుడు కంటికి గుచ్చుకునే అవకాశమైనా ఉంటుంది. అంకెల్లో అదీ ఉండదు. 350 ఎంత సహజంగా కనిపిస్తుందో 530 కూడా అంతే సహజంగా కనిపిస్తుంది. కాబట్టి వ్యాసంలోని అంకెలన్నిటినీ ఒకసారి విడిగా, మాటలను పట్టించుకోకుండా, అసలు కాగితం పక్కన పెట్టుకుని చూడాలి. కొన్నిటికి లెక్కపెట్టడమే పరీక్ష. జీఎస్‌టీ గుర్తింపు సంఖ్యలో అక్షరాలు, అంకెలు కలిపి 15 ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో నమోదైనదైతే అది 37తో మొదలవుతుంది. ఆహార వ్యాపారి లైసెన్సు నంబరుకు 14 అంకెలు, బ్యాంకు ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌కు అక్షరాలు, అంకెలు కలిపి 11, ఫోన్ నంబరుకు 10 అంకెలు. విశాఖ నగరపు పిన్‌కోడ్ 530తో మొదలవుతుంది. ఫోన్ నంబరును ఎన్నిసార్లు చదివినా లాభం లేదు, ఎందుకంటే సొంత నంబరును ఎవరూ చదవరు, గుర్తుకు తెచ్చుకుంటారు. వ్యాసంలో ఉన్న నంబరును నొక్కి ఫోను మోగుతుందో లేదో చూడటమే సరైన పరీక్ష. కామాల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పై ఉదాహరణలో ‘రూ.3,50’ అని పడినది రూ.350 కావాలి, అక్కడ కామాకు పని లేదు. లక్షా పాతికవేలను మన పద్ధతిలో 1,25,000 అని రాస్తాం, విదేశీ కొనుగోలుదారులకు పంపే కొటేషన్లలో 125,000 అని రాస్తారు. ఒకే వ్యాసంలో రెండూ కలిస్తే చదివేవారు రెండిటినీ అనుమానిస్తారు. 05/04 అన్న తేదీ మనకు ఏప్రిల్ 5, అమెరికాలో ఉన్న కొనుగోలుదారుకు మే 4. నెల పేరు అక్షరాల్లో రాస్తే ఈ గొడవే ఉండదు.

రాసిన రోజు నిజమైన అంకె తర్వాత అబద్ధం కావడం మరో సమస్య. జీఎస్‌టీలో 12, 28 శాతం శ్లాబులను చాలావరకు ఎత్తేసిన మార్పులు 2025 సెప్టెంబరు 22న అమల్లోకి వచ్చాయి. అంతకుముందు రాసిన వ్యాసాల్లో పన్ను శాతాలు, పన్నుతో కలిపిన ధరలు అలాగే ఉండిపోయినచోట, కొనేవారికి తామెక్కడో మోసపోతున్నామన్న అనుమానం కలుగుతుంది. పన్ను రేటును వ్యాసంలో రాయకుండా తప్పించుకోగలిగితే అంతకన్నా మంచిది లేదు. రాయక తప్పనప్పుడు అది ఏ తేదీ నాటిదో పక్కనే చెప్పాలి.

అక్షరదోషాల దగ్గరకు వద్దాం. అవి ముఖ్యం కావని కాదు, వాటి కారణాలు ఇప్పుడు మారాయి. ముద్రారాక్షసాలను అచ్చుయంత్రం మీదికి నెట్టేసిన రోజులు పోయాయి. ఇప్పటి రాతలో చాలావరకు ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే కీబోర్డు మీదా, మైకు నొక్కి మాట్లాడితే టైపయ్యే సదుపాయం మీదా నడుస్తోంది. ‘న’కు ‘ణ’, ‘ల’కు ‘ళ’, ‘ద’కు ‘ధ’ ఎక్కడ రావాలో కీబోర్డు ఊహిస్తుంది. రాసేవారు తొందరలో ఒప్పేసుకుంటారు. భోజన హోటళ్ల రాతల్లో ‘శాఖాహారం’ ఇలాగే స్థిరపడిపోయింది. శాకం అంటే కూర, శాఖ అంటే కొమ్మ, తినేది మొదటిదే. ‘బాధ్యత’ను ‘భాద్యత’ అనీ, ‘అర్థం’ను ‘అర్ధం’ అనీ రాయడం కూడా అంతే మామూలైపోయింది. రెండో జంటలో రెండూ సరైన మాటలే (‘అర్ధం’ అంటే సగం) కాబట్టి యంత్రం అభ్యంతరం చెప్పదు. పైగా విభక్తులు, సంధులు చేరి ఒక్కో తెలుగు మాట ఎన్నో రూపాలు దాలుస్తుంది కనుక, ఇంగ్లీషుకు ఉన్నంత నమ్మకమైన స్పెల్‌చెకర్ తెలుగుకు కుదరలేదు. అనుమానం వచ్చిన మాటను ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లో కొట్టి చూస్తే పలు నిఘంటువుల అర్థాలు ఒకేచోట కనిపిస్తాయి. ‘వాళ్లు’, ‘వాళ్ళు’ వంటివి రెండూ చెల్లుతాయి; ఏదో ఒకటి ఎంచుకుని దానికే కట్టుబడాలి. ఊరి పేరుకూ ఇదే వర్తిస్తుంది. విశాఖ, విశాఖపట్నం, వైజాగ్ మూడూ వాడుకలో ఉన్నవే అయినా, చిరునామాలో మాత్రం విశాఖపట్నం అనే ఉండాలి.

కంటికి కనిపించని తప్పు ఒకటి ఉంది. ‘హుద్‌హుద్’, ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటల్లో పొల్లు తర్వాత, వెడల్పు లేని ఒక అదృశ్య అక్షరం పడితేనే తర్వాతి హల్లు కిందికి జారి వత్తుగా మారకుండా ఉంటుంది. అది లేకపోతే ‘సాఫ్ట్వేర్’ అని ముద్దగా వస్తుంది. ఒక యాప్ నుంచి మరో యాప్‌లోకి కాపీ చేసేటప్పుడు ఈ అక్షరం కొన్నిసార్లు రాలిపోతుంది కనుక, టైపు చేసినచోట కాకుండా జనం చదివేచోట తెరిచి చూసుకోవాలి. కరపత్రాల కోసం డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో కొట్టించిన మేటర్‌ను నేరుగా తెచ్చి అతికిస్తే అక్షరాలకు బదులు అర్థంలేని గుర్తులు వస్తాయి. అవి ఫోన్లు, వెబ్‌సైట్లు గుర్తించే యూనికోడ్ అక్షరాలు కావు కాబట్టి ముందు మార్పిడి చేయాలి, మార్పిడి చేశాక వత్తులన్నీ మళ్లీ చూసుకోవాలి.

విరామచిహ్నాల గురించి చెప్పవలసింది కొంచెమే. ఆశ్చర్యార్థకం ఒక వ్యాసానికి ఒకటి ఎక్కువ.

శైలి విషయంలో విశాఖ వ్యాపారి రెండు వైపుల నుంచీ లాగబడుతున్నాడు. ఒకవైపు పాత సైనుబోర్డుల తెలుగు: ‘విక్రయించబడును’, ‘లభించును’, ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’. ఈ చివరి మాటలో ‘బడదు’ బదులు ‘బడును’ పడితే దుకాణం నియమమే తలకిందులవుతుంది; ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోం’ అని రాస్తే ఆ ప్రమాదం ఉండదు. వాడుక భాషలో రాయాలని పోరాడిన గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు ఈ ప్రాంతంవారే. వారితో కలిసి నడిచిన పి.టి. శ్రీనివాస అయ్యంగార్ విశాఖ ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాల్. ఆ ఉద్యమం ముగిసి ఇన్నేళ్లయినా గ్రాంథికం దుకాణాల గోడల మీద బతికే ఉండటం విచిత్రమే. మరోవైపు నుంచి వస్తున్నది ఇంగ్లీషులో ఆలోచించి తెలుగులోకి దించిన భాష. దీనికి ఇప్పుడు ఏఐ సాధనాలు కూడా తోడయ్యాయి. ‘మా వినూత్న పరిష్కారాలతో మీ వ్యాపారాన్ని తదుపరి స్థాయికి తీసుకెళ్లండి’ అన్న వాక్యంలో అక్షరదోషం ఒక్కటీ లేదు, సమాచారం కూడా లేదు. గాజువాకలో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే సంస్థ అదే విషయాన్ని ‘కిరాణా కొట్టులో నెలాఖరు లెక్క చూడటానికి పట్టే సమయం తగ్గుతుంది’ అని చెబితే చదివే కొట్టు యజమానికి అదేమిటో తెలుస్తుంది. సాధనాల చేత రాయించుకోవడం తప్పని కాదు. అవి రాసినదాన్ని కౌంటర్ అవతల నిలబడిన మనిషికి చదివి వినిపిస్తే ఇబ్బందిగా తోచే వాక్యాలను కొట్టేయాలి.

సరుకు బాగా తెలిసినవారి రాతలో ఇంకో లోపం ఉంటుంది, అది తెలిసినందువల్లే వస్తుంది. ఫిషింగ్ హార్బర్ చుట్టూ రొయ్యల వ్యాపారం చేసేవారికి ‘కౌంట్’ అంటే వివరించనక్కర్లేదు. కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క అది. 30 కౌంట్ అంటే పెద్ద రొయ్య, 100 కౌంట్ అంటే చిన్నది. ఇంటికి రొయ్యలు తెప్పించుకునే గృహిణి మాత్రం 100 అన్న అంకె చూసి అదే పెద్ద సైజనుకుంటుంది. రాసినవారు పదిసార్లు చదువుకున్నా ఈ లోటు కనిపించదు, ఎందుకంటే వారి దృష్టిలో అక్కడ లోటే లేదు. దిద్దుబాటుకు రెండో మనిషి కావాలనేది ఇందుకే.

ఆ రెండో మనిషి భాషా పండితుడే కానక్కర్లేదు, అదే వ్యాపారంలో ఉన్నవారైతే అసలు పనికిరారు. అకౌంట్లు చూసే ఉద్యోగి, పక్క దుకాణం యజమాని, కాలేజీలో చదివే బంధువు, ఎవరైనా చాలు. ‘ఎలా ఉంది?’ అని అడిగితే బాగుందనే అంటారు; ఆ మాటకు విలువ లేదు. చదివించాక ఫోను వెనక్కి తీసుకుని, ధర ఎంత, ఎన్నాళ్లలో వస్తుంది, నచ్చకపోతే ఏం చేయాలి, ఇది ఎవరి కోసం అని అడగాలి. వారు తడబడిన ప్రశ్నకు జవాబు వ్యాసంలో లేనట్టే, ఉన్నా కనిపించని చోట ఉన్నట్టు.

రెండో మనిషి దొరకనప్పుడు సమయాన్నే రెండో మనిషిగా వాడుకోవాలి. రాత్రి రాసినది తెల్లారి షాపు తెరవకముందు చదివితే చాలా తప్పులు పైకి తేలతాయి. పైకి చదవడం మరీ మంచిది. గుక్క తిప్పుకోలేని వాక్యం ఎక్కడుందో ఊపిరే చెబుతుంది. ఫోన్‌లో రాసినదాన్ని కాగితం మీద ముద్రించి చూసినా, ఫోన్ చేతనే చదివించుకుని విన్నా, కంటికి అలవాటైన వరుస చెదిరి తప్పులు బయటపడతాయి. అన్నిటినీ ఒకేసారి వెతకబోతే ఏదీ దొరకదు కనుక అంకెలకు ఒకసారి, పేర్లు, ఊళ్లు, తేదీలకు ఒకసారి, నిరూపించలేని మాటలకు ఒకసారి, చివరగా అక్షరాలకు ఒకసారి చదవాలి. టైము ఒక్కసారికే ఉంటే అంకెలనే చదవాలి.

ఇన్ని చేసినా తప్పులు మిగులుతాయి, ప్రచురించాకే కనిపిస్తాయి. అక్షరదోషమైతే చప్పుడు చేయకుండా దిద్దేయవచ్చు. ధర, తేదీ, బరువు, సరుకు గుణం వంటివైతే చప్పుడు చేయకుండా దిద్దడం సరికాదు. పాత వ్యాసాన్ని స్క్రీన్‌షాట్ తీసుకున్నవారు ఉంటారు, దాన్నే వాట్సాప్ గ్రూపుల్లో పంపుకుంటూ ఉంటారు. వ్యాసం మొదట్లోనే, ఫలానా తేదీన ధరను సరిచేశాం, అంతకుముందు రూ.350 అని పడింది, సరైనది రూ.530 అని ఒక వాక్యం రాయాలి. పాత పత్రికల్లోని తప్పొప్పుల పట్టిక చేసిన పని ఇదే. దిద్దుబాటు వెలువడకముందు పాత ధరకు డబ్బు కట్టినవారికి ఆ ధరకే సరుకు పంపాలా, డబ్బు తిరిగి ఇవ్వాలా అన్నది కూడా ఆ పక్క వాక్యంలోనే తేల్చి చెప్పడం మంచిది. లేకపోతే మర్నాడు వచ్చే ఫోన్లన్నీ దాని గురించే ఉంటాయి.